నడిరోడ్డు మీద పూలదేవత

రోమన్ల దేవత, ఇంగ్లండు రాయి, పార్సీ వర్తకుడి విరాళం, మరాఠీ కార్మికుల నెత్తురు. ముంబయి ఫ్లోరా ఫౌంటెన్ కథలో ఇన్ని ఉన్నాయి. మన తెలుగువాళ్ల పేజీ కూడా ఒకటుంది.

ముంబయిలో సీఎస్‌ఎంటీ స్టేషన్ దిగి దాదాభాయ్ నౌరోజీ రోడ్డు వెంట దక్షిణానికి నడిస్తే దారి పొడవునా కమానుల వరండాలు తోడొస్తాయి. వాటి నీడన బెల్టులు, చేతి గడియారాలు, ఫోన్ కవర్లు పరుచుకుని అమ్ముకునేవాళ్లను దాటుకుంటూ పోతే కాసేపటికి పెద్ద కూడలి వస్తుంది. దాని నడుమ తెల్లరాతి ఫౌంటెన్, దాని శిఖరాన ఒక స్త్రీమూర్తి. ఆమె ఫ్లోరా, రోమన్ల పూలదేవత. ఆమె పక్కనే ఇంకో శిల్పం ఉంది. అందులో ఒక రైతు, ఒక కార్మికుడు కలిసి దివిటీ ఎత్తిపట్టారు. ఆ శిల్పం ఎవరి స్మారకమో వాళ్ల పేరు మీదే ఈ చోటు హుతాత్మా చౌక్, అంటే అమరవీరుల కూడలి అయింది. అయినా ఊళ్లోవాళ్లు ఇప్పటికీ ‘ఫౌంటెన్’ అంటారు. అంతమాత్రం అంటే చాలు, ఎక్కడ దిగాలో అందరికీ తెలుసు.

మనవాళ్లు ముంబయి వెళ్తే గేట్‌వే, మెరైన్ డ్రైవ్, సిద్ధివినాయకుడి గుడి, హాజీ అలీ చూసుకుని వస్తారు. ఈ కూడలి టాక్సీ కిటికీలోంచి కనిపించి వెనక్కి వెళ్లిపోతుంది. ఇక్కడ దిగి, అరగంటైనా నిలబడి చూడమని తెలుగు పాఠకులను ప్రత్యేకంగా అడుగుతున్నాను. ఆ పూలదేవత అందంగా ఉంటుందన్నది ఒక్కటే కారణం కాదు. పొట్టి శ్రీరాములు ప్రాణం పోసిన భాషారాష్ట్రాల పోరాటం, మూడేళ్లు తిరక్కుండానే ఈ ఫౌంటెన్ ముందుకు వచ్చి పోలీసు తూటాలకు ఎదురు నిలిచింది.

కోట తలుపు ఉన్న చోట

ఇప్పుడు ఫ్లోరా నిలబడ్డ చోట ఒకప్పుడు కోట ద్వారం ఉండేది. ఈస్టిండియా కంపెనీ బొంబాయి చుట్టూ కట్టిన కోటగోడకు మూడు ద్వారాలు: అపోలో గేట్, బజార్ గేట్, చర్చ్ గేట్. లోపల 1718లో తెరిచిన సెయింట్ థామస్ చర్చికి దారితీసేది కాబట్టి మూడోదానికి ఆ పేరు. ఇప్పుడు చర్చ్‌గేట్ అంటే అందరికీ లోకల్ రైళ్ల స్టేషనే గుర్తొస్తుంది గానీ, గేటు ఉన్నది స్టేషన్ దగ్గర కాదు, సరిగ్గా ఈ ఫౌంటెన్ ఉన్న చోట.

గోడ బయట విశాలమైన మైదానం ఉండేది. అది జనం తిరగడానికి వదిలింది కాదు. శత్రువు వస్తే ఫిరంగి గుండ్లకు అడ్డు లేకుండా ఖాళీగా ఉంచింది. లోపల మాత్రం ఇళ్లు, గిడ్డంగులు, దుకాణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉండేవి. 1803లో నిప్పంటుకుంటే కోటలో పెద్ద భాగం బూడిదైంది. 19వ శతాబ్దం సగం గడిచేసరికి కోటకు శత్రువు లేడు. ఊరికి ఊపిరాడటం లేదు. 1862లో గవర్నరుగా వచ్చిన సర్ బార్టిల్ ఫ్రేర్ గోడలు పడగొట్టించాడు. చర్చ్ గేట్ కూడా నేలమట్టమైంది.

అదే సమయానికి బొంబాయిలో డబ్బు ఏరులై పారుతోంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఓడలు ఆగిపోయాయి. లాంకషైర్ మిల్లులకు మన దేశపు పత్తే దిక్కయింది. బొంబాయి వర్తకులు ఊహించనంత లాభాలు చూశారు. ఆ లాభాలతో షేర్ల జూదం ముదిరి, 1865లో యుద్ధం ఆగగానే ఎందరో దివాలా తీశారు. ఊరికి మాత్రం ఆ నాలుగేళ్ల సొమ్ములో కొంత రాతి రూపంలో మిగిలింది. 1864 నాటి ఫ్లోరా ఫౌంటెన్ అలా మిగిలినదే. కర్సెట్‌జీ ఫర్దూన్‌జీ పారేఖ్ అనే పార్సీ పెద్దమనిషి 20,000 రూపాయలు విరాళమిచ్చారు. మొత్తం ఖర్చు 47,000 రూపాయలు.

అసలు ఈ ఫౌంటెన్‌ను ఇక్కడ పెట్టాలనుకోలేదు. దీన్ని తలపెట్టింది పశ్చిమ భారత వ్యవసాయ ఉద్యాన సంఘం. బైకుల్లాలోని విక్టోరియా గార్డెన్స్‌లో పెట్టాలన్నది వాళ్ల ఆలోచన. తోటకు పూలదేవత కావాలనుకోవడం సహజమే. పేరు కూడా గవర్నరు మీద ‘ఫ్రేర్ ఫౌంటెన్’ అని పెట్టాలనుకున్నారు. చివరికి తోట కాకుండా కోట ద్వారం ఖాళీ చేసిన జాగా దక్కింది. గవర్నరు పేరు పోయి దేవత పేరు నిలిచింది. ఈ రెండు మార్పులే ఫౌంటెన్‌ను వందేళ్ల తర్వాత కాపాడాయి. ఆ సంగతి ముందుముందు వస్తుంది.

ఊరికి నీళ్లొచ్చిన కాలం

ఫౌంటెన్ అంటే ముందు నీళ్లు కావాలి కదా. చుట్టూ సముద్రం ఉన్న బొంబాయిలో మంచినీటికి ఎప్పుడూ కటకటే. బావులు, చెరువులే ఆధారం. ఈ కూడలికి దగ్గర్లోనే, క్రాస్ మైదానం అంచున, భీఖా బెహ్రామ్ బావి ఉంది. 1725లో ఒక పార్సీ తవ్వించిన ఆ బావిలో సముద్రం అంత దగ్గరున్నా నీళ్లు తియ్యగా ఉంటాయి. పార్సీలు దాన్ని ఇప్పటికీ పవిత్రంగా చూసుకుంటారు.

ఊరు పెరిగాక బావులు చాలలేదు. ఉత్తరాన కొండల మధ్య విహార్ దగ్గర వాగుకు కట్ట వేసి, చెరువు చేసి, 1860లో ఇనుప గొట్టాల గుండా ఊళ్లోకి నీళ్లు తెచ్చారు. బొంబాయికి గొట్టాల నీళ్లు రావడం అదే మొదలు. చెరువు ఎత్తులో ఉంది, ఊరు పల్లంలో ఉంది. నీళ్లు వాలు మీదే దిగి వచ్చేవి. అవి వచ్చిన నాలుగేళ్లకే ఊరి నడుమ నీళ్లు పైకి చిమ్మే శిల్పం వెలిసింది. బిందెలతో బావుల చుట్టూ తిరిగిన జనానికి ఆ చిమ్మే నీళ్లు ఎలా కనిపించి ఉంటాయో మన ఊళ్లలో మొదటిసారి కుళాయి తిప్పినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

లండన్ ఉలి

ఫౌంటెన్‌కు రూపం గీసింది రిచర్డ్ నార్మన్ షా. అప్పటికి ఇంకా పేరు రాని యువకుడు. తర్వాత ఇంగ్లండులో ఆ తరం వాస్తుశిల్పుల్లో పెద్ద పేర్లలో ఒకటయ్యాడు. థేమ్స్ ఒడ్డున లండన్ పోలీసుల ఒకప్పటి న్యూ స్కాట్లండ్ యార్డ్ భవనం ఆయన గీసిందే. శిల్పం చెక్కింది జేమ్స్ ఫోర్సైత్. పురాణ శిల్పాల ఫౌంటెన్లు ఈయనకు కొత్త కాదు. వూస్టర్‌షైర్‌లోని విట్లీ కోర్ట్ అనే జమీందారీ భవంతి ముందు సముద్రపు రాకాసి నుంచి ఆండ్రోమెడాను పెర్సియస్ కాపాడే బ్రహ్మాండమైన ఫౌంటెన్ ఆయన చేతి పనే. అక్కడ గుర్రం, రాకాసి, యుద్ధం. బొంబాయికి చెక్కిన దానిలో అలాంటి హోరు లేదు. పూలతల్లి ప్రశాంతంగా నిలబడి ఉంటుంది.

దగ్గరికెళ్లి చూడండి. మొత్తం ఎత్తు 25 అడుగులు. పైన ఫ్లోరా. ఆమె ఒంటి మీది వలువ ముడతలు చూస్తే సముద్రపు గాలి ఇప్పుడే వాటిని కదిపి వెళ్లినట్టుంటుంది. కింద అంచెలంచెలుగా నీటి పళ్లేలు, గవ్వచిప్పలు, చేపలు, నాలుగు మూలలా పురాణమూర్తులు. రద్దీలో నిలబడి ఒక్కో మూలకూ తిరిగి చూడటానికి ఓపిక కావాలి. కానీ శిల్పి నాలుగు దిక్కులకూ సమానంగా శ్రమపడ్డాడు. గుళ్లో మూలవిరాట్టులా ఒకవైపు నుంచే దర్శనమిచ్చే విగ్రహం కాదిది. కూడలికి ఏ రోడ్డున వచ్చినవాడికైనా ఎదురుపడేలా చెక్కింది.

రాయి పోర్ట్‌లాండ్ రాయి. ఇంగ్లండు దక్షిణ తీరాన పోర్ట్‌లాండ్ అనే చోట తవ్వే తెల్ల సున్నపురాయి. లండన్‌లోని సెయింట్ పాల్ చర్చి దాంతో కట్టిందే. ఉలికి మెత్తగా లొంగుతుంది, వాన పడే కొద్దీ తెల్లబడుతుంది. ఆ రాయి ఓడెక్కి బొంబాయి వచ్చింది. మన నల్లరాతి నేల మీద, ఉప్పుగాలిలో దాని బతుకు ఎలా సాగిందో తర్వాత చూద్దాం. ముందు ఆ పైన నిలబడ్డావిడ ఎవరో తెలుసుకోవాలి.

ఎవరీ ఫ్లోరా?

పూలదేవత అనగానే నవ్వు మొహం, చేతిలో పూలసజ్జ గుర్తొస్తాయి. రోమన్ కవి ఓవిడ్ ‘ఫాస్టి’ అనే కావ్యంలో ఆమె కథ చెప్పాడు. అది అంత తేలికైన కథ కాదు. ఆమె మొదట క్లోరిస్ అనే అప్సర. పడమటి గాలి దేవుడు జెఫిరస్ ఆమెను వెంటాడి ఎత్తుకుపోయాడు. తర్వాత పెళ్లాడి, పూలన్నిటి మీదా పెత్తనం ఇచ్చాడు. ఫ్లోరెన్స్‌లో ఉన్న బొటిచెల్లి వసంతరుతువు చిత్రంలో కుడి పక్కన ఉన్నది ఈ ఘట్టమే. గాలి పట్టుకున్న క్లోరిస్ నోటి నుంచి పూలు రాలుతుంటాయి, పక్కనే పూల వస్త్రంలో ఫ్లోరాగా ఆమే నడిచివస్తుంటుంది.

ఓవిడ్ చెప్పిన మరో సంగతి ఇంకా లోతైనది. కొన్ని పూలు నేల నుంచి పుట్టలేదట. హయసింథస్, అడోనిస్ లాంటి చనిపోయిన యువకుల గాయాల నుంచి పుట్టాయట. ఆ నెత్తురును పువ్వుగా మార్చింది తానేనని ఫ్లోరా చెప్పుకుంటుంది. యుద్ధదేవుడు మార్స్ పుట్టుకలోనూ ఆమె పాత్ర ఉంది. జూనోకు ఆమె ఒక పువ్వును తాకించడంతోనే మార్స్ కడుపున పడ్డాడని కథ. అంటే ఈ పూలదేవతకు నెత్తురుతో, యుద్ధంతో ఎంతో దగ్గరి చుట్టరికం.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆమె పండుగ పుట్టిన తీరు. రోములో ప్రజల ఉమ్మడి పచ్చిక బీళ్లు ఉండేవి. డబ్బూ బలమూ ఉన్నవాళ్లు వాటిని సొంత జాగాల్లా వాడుకుంటుంటే అడిగే నాథుడు లేకపోయాడు. చివరికి పబ్లిసియస్ సోదరులనే ఇద్దరు అధికారులు ఆ ఆక్రమణదారులను విచారించి జరిమానాలు వేశారు. ఆ సొమ్ములో కొంత పెట్టి ఫ్లోరా పేరున ఉత్సవం మొదలుపెట్టారు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు సంగతి ఇది. ఊరుమ్మడి జాగాను మింగినవాళ్ల నుంచి కక్కించిన డబ్బుతో నడిచిన పండుగ. అది ఏటా ఏప్రిల్ 28న మొదలై మే 3 దాకా సాగేది.

బొంబాయిలో ఆమెను నిలబెట్టినవాళ్లకు ఈ కథంతా తెలిసే నిలబెట్టారని నేననను. వాళ్లకు కావలసింది తోటకో అలంకారం. కానీ ఆమెకు దక్కిన చోటు చూడండి: రాత్రయితే మూసుకునే కోట తలుపు కూలిపోయి, అందరూ నడిచే రోడ్డుగా మారిన జాగా. ఉమ్మడి జాగా పుణ్యాన పండుగ దక్కించుకున్న దేవతకు ఇంతకన్నా తగిన చోటు బొంబాయి అంతటా దొరికేది కాదని నాకనిపిస్తుంది. తర్వాతి వందేళ్లలో జరిగింది అదే: ఈ జాగా ఎవరిది, ఈ ఊరు ఎవరిది అన్న తగువు తీర్చుకోవడానికి జనం ఆమె ముందుకే వచ్చారు.

కామాఠీల ఊరు

గోడలు పోయాక ఊరు పడమటికీ ఉత్తరానికీ పాకింది. 1874 మే 9న గుర్రాలు లాగే ట్రాములు మొదలయ్యాయి. 1907లో కరెంటు ట్రాములొచ్చాయి. 1964 మార్చి 31న చివరి ట్రాము ఆగిపోయింది. ఫౌంటెన్ పరిసరాల్లో ఇటీవల పేవ్‌మెంట్ పనులకు తవ్వినప్పుడు ఆ పాత పట్టాలు బయటపడ్డాయి. తారు కింద అన్నాళ్లూ అలాగే పడి ఉన్నాయి.

ఈ ఊరు కట్టిన చేతుల్లో తెలుగు చేతులూ ఉన్నాయి. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి 18వ శతాబ్దం చివర్లోనే కూలిపనులకు జనం బొంబాయి చేరారు. అక్కడివాళ్లు వాళ్లను కామాఠీలు అన్నారు. రోడ్లు వేయడం, రాళ్లు మోయడం, ఇళ్లు కట్టడం వాళ్ల పని. వాళ్లు కాపురమున్న పేటే కామాఠీపుర. తర్వాతి కాలంలో ఆ పేట పేరు లోకంలో వేరే కారణంతో పాకింది. ఒక నగరాన్ని కట్టినవాళ్ల పేటను ఆ ఒక్క కారణంతోనే గుర్తుంచుకోవడం అన్యాయం. బట్టల మిల్లులు వచ్చాక కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి పద్మశాలీలు వెళ్లారు. మగ్గం తెలిసిన చేతులు మిల్లు యంత్రాల దగ్గర కుదురుకున్నాయి. వర్లీ, పరేల్ చాళ్లలో తెలుగు సంసారాలు వెలిశాయి.

1955 నవంబరు 21

ఈ తేదీ కథను మద్రాసు నుంచి మొదలుపెట్టాలి. స్వాతంత్ర్యం రాగానే భాషల వారీగా రాష్ట్రాలు కావాలన్న కోరిక దేశమంతా లేచింది. దాన్ని తేల్చమని 1948 చివర్లో కాంగ్రెస్ ముగ్గురిని కూర్చోబెట్టింది. నెహ్రూ, పటేల్, మన పట్టాభి సీతారామయ్య. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని జేవీపీ కమిటీ అన్నారు. 1949లో వచ్చిన వాళ్ల నివేదిక తొందరపడొద్దంది. ఆంధ్ర రాష్ట్రం ఇవ్వవచ్చు గానీ తెలుగువాళ్లు మద్రాసు నగరం మీద ఆశ వదులుకోవాలంది. బొంబాయి నగరాన్ని మరాఠీలకు ఇవ్వడానికీ ఒప్పుకోలేదు. ఒకే కాగితం మీద ఒకే సిరాతో రెండు భాషలవాళ్లకు రెండు మహానగరాలు కాకుండా పోయాయి. తెలుగువాళ్లకూ మరాఠీలకూ ఉన్న ఈ చుట్టరికం గురించి మన పాఠ్యపుస్తకాలు మాట్లాడవు. మాట్లాడాలి.

1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. కోస్తా ఊళ్లన్నీ భగ్గుమన్నాయి, పోలీసు కాల్పుల్లో జనం చనిపోయారు. నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించారు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. ఆ వెనువెంటనే దేశమంతటి లెక్క తేల్చడానికి ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్‌లతో రాష్ట్రాల పునర్విభజన సంఘం వేశారు.

1955లో ఆ సంఘం నివేదిక ఇచ్చింది. మిగతా చాలా భాషలకు రాష్ట్రాలు చెప్పి, బొంబాయి దగ్గర మాత్రం మరాఠీ, గుజరాతీ కలిపి ఉమ్మడి రాష్ట్రమే ఉండాలంది. మరాఠీలు ఒప్పుకోలేదు. అప్పుడు కాంగ్రెస్ పెద్దలు మహారాష్ట్ర, గుజరాత్ రెండూ ఇచ్చి, బొంబాయి నగరాన్ని మూడో ముక్కగా విడిగా ఉంచుతామన్నారు. ఈ మాటతో గొడవ ఇంకా ముదిరింది. పెట్టుబడి మాది కాబట్టి ఊరు మీకెలా ఇస్తామని ఒక పక్క వాదన. మిల్లులు నడిపింది, ఊరు మోసింది మేమని ఇంకో పక్క వాదన. మద్రాసు కోసం మనం వాదించిన వాదనలన్నీ అక్కడ మళ్లీ మరాఠీలో వినిపించాయి.

నవంబరు 21న నగరం బంద్. మిల్లులు ఆగిపోయాయి. శాసనసభ వైపు వెళ్లాలని జనం ఫ్లోరా ఫౌంటెన్ దగ్గరికి చేరారు. అటు కార్మిక పేటల నుంచి వచ్చే దారులూ, ఇటు శాసనసభకు పోయే దారీ ఈ కూడలిలోనే కలుస్తాయి. అందుకే పోలీసులూ ఇక్కడే నిలబడ్డారు. లాఠీలు విరుచుకుపడ్డాయి, బాష్పవాయువు కమ్మింది. జనం వెనక్కి తగ్గలేదు. తుపాకులు పేలాయి. ఆ రోజు చనిపోయినవాళ్లు 15 మంది. అప్పటి బొంబాయి రాష్ట్ర ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్.

అది ఆఖరు కాదు. 1956 జనవరి 16న బొంబాయిని కేంద్రం చేతిలో ఉంచుతామని నెహ్రూ రేడియోలో చెప్పగానే ఊరు మళ్లీ రగిలింది. ఆ వారంలో కాల్పుల్లో పోయినవాళ్లు మొదటిసారి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఉద్యమంలో చనిపోయినవాళ్లు మొత్తం 105 మంది అని మొదట్లో చెప్పుకునేవాళ్లు, తర్వాత ఆ లెక్క 106కు చేరింది. వాళ్లలో పేరున్న నాయకులు లేరు. ఎక్కువమంది కూలీలు, మిల్లు కార్మికులు, వీధిలోకొచ్చిన కుర్రాళ్లు.

ఆ ఫిబ్రవరిలో పుణేలో సంయుక్త మహారాష్ట్ర సమితి పుట్టింది. కమ్యూనిస్టు డాంగే, సోషలిస్టు ఎస్.ఎం. జోషీ, రచయిత ఆచార్య అత్రే, ప్రబోధన్‌కార్ ఠాక్రే... మామూలుగా ఒకరి మాట ఒకరికి పొసగనివాళ్లంతా ఒకే వేదిక ఎక్కారు. షాహిర్ అమర్ షేఖ్, అన్నాభావు సాఠే పాటలు మిల్లు చాళ్లలో మోగాయి. మన బుర్రకథ దళాలు ఏ పని చేశాయో అక్కడ షాహిర్లు ఆ పని చేశారు.

ఈ ఘట్టంలో ఇంకో తెలుగు ముడి ఉంది. అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్. రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి భర్త. బొంబాయిని మహారాష్ట్ర నుంచి వేరు చేయడాన్ని, కాల్పుల మీద విచారణ జరపకపోవడాన్ని తప్పుపట్టి 1956లో ఆయన మంత్రి పదవి వదిలేశారు. పదవి పట్టుకు వేలాడే రోజుల్లో ఆ రాజీనామా గుర్తుచేసుకోవలసిందే.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే మరాఠీ, గుజరాతీలను కలిపిన పెద్ద బొంబాయి రాష్ట్రమూ ఏర్పడింది. అది నిలవలేదు. 1960 మే 1న బొంబాయి రాజధానిగా మహారాష్ట్ర వచ్చింది. మే 1 అంటే కార్మికుల రోజు. రోమ్ పంచాంగంలో చూస్తే ఫ్లోరా పండుగ నడిమధ్య రోజుల్లో ఒకటి. ఎవరూ కావాలని కుదిర్చింది కాదు, కుదిరింది. మరాఠీలకు వాళ్ల నగరం దక్కింది, మనకు మన నగరం దక్కలేదు. ఆ కూడలిలో నిలబడ్డ తెలుగువాడికి ఆ సంతోషమూ ఈ వెలితీ రెండూ తెలుస్తాయి.

రాష్ట్రం వచ్చాక ఫ్లోరా పక్కన దివిటీ పట్టిన ఇద్దరినీ నిలబెట్టి, కూడలికి హుతాత్మా చౌక్ అని పేరు మార్చారు. ఏటా నవంబరు 21న, మే 1న ముఖ్యమంత్రి సహా అందరూ వచ్చి పూలు పెట్టి వెళ్తారు.

విగ్రహాలు చోటు మారాయి

1960లలో బొంబాయి కూడళ్ల నుంచి తెల్లదొరల విగ్రహాలను తీసేశారు. కాలా ఘోడా పేటకు ఆ పేరు తెచ్చిన ఏడో ఎడ్వర్డ్ గుర్రపు విగ్రహం కూడా 1965లో వెళ్లిపోయింది. అవి ఎక్కువగా చేరింది ఎక్కడికి? బైకుల్లా తోటకు. అంటే ఫ్లోరా కోసం మొదట అనుకున్న పాత విక్టోరియా గార్డెన్స్‌కే. ఇప్పుడది జిజామాతా ఉద్యానం. అక్కడి భావు దాజీ లాడ్ మ్యూజియం వెనుక రాజులూ గవర్నర్లూ ఇప్పటికీ వరసగా నిలబడి ఉన్నారు. రోడ్డు మీద ఉండవలసిన పాలకులు తోటలోకి వెళ్లారు, తోటలో ఉండవలసిన దేవత రోడ్డు మీద నిలిచింది.

ఆమె మీద ‘ఫ్రేర్’ పేరు చెక్కి ఉంటే ఆ జాబితాలో ఆమె కూడా ఉండేదేమో. ఎవరి అధికారానికీ గుర్తు కాకపోవడం ఆమెను కాపాడింది. ఫ్లోరాను కొలిచేవాళ్లు ముంబయిలో లేరు, ద్వేషించేవాళ్లూ లేరు. 15 మంది నేలకొరిగింది ఆమె ముందే అయినా ఆ కోపం ఆమె మీదికి మళ్లలేదు. జనం ఆమెను తమ మనిషిగానే చూశారని దీన్నిబట్టి తెలుస్తుంది. కొత్త స్మారకాన్ని పాతదాన్ని కూల్చి కాకుండా పక్కన పెట్టినందుకు ఆనాటి నిర్ణేతలకు నా నమస్కారం. ఇవాళ మన ఊళ్లలో విగ్రహాల కొట్లాటలు చూస్తున్నవాళ్లకు ఆ నిర్ణయం విలువ తెలుస్తుంది.

రంగు కింద చిక్కిన రాయి

ద్వేషం లేకపోయినా నిర్లక్ష్యం ఉంది. దశాబ్దాల పాటు ఫౌంటెన్ మురికిపట్టినప్పుడల్లా శుభ్రం చేసే బదులు తెల్లరంగు పూశారు. చూడ్డానికి తళతళలాడేది. లోపల రాయికి ఊపిరాడేది కాదు. సున్నపురాయి సన్నని రంధ్రాలున్న రాయి. తడి పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. పైన ఆయిల్ పెయింటు పొర ఉంటే లోపలి తడి బయటికి రాలేదు. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు ఆ తడిలో కరిగి, ఆరినప్పుడు గడ్డకట్టి, రాతిని లోపలి నుంచే పగలగొడుతుంది. పొర మీద పొర పడి వేళ్ల మధ్య సందులు, వలువ ముడతలు పూడుకుపోయాయి. గొట్టాలు చెడి నీళ్లు ఆగాయి. నీళ్లు చిమ్మడానికి పుట్టిన శిల్పం ఎండిన బొమ్మలా మిగిలింది.

2016 ప్రాంతంలో నగరపాలక సంస్థ మరమ్మతు చేపట్టింది. పనిని సంరక్షణ వాస్తుశిల్పి వికాస్ దిలావరి నడిపించారు. ముందు గొట్టాలు, నీటి కారుడు సంగతి చూసి, తర్వాత శిల్పాల మీద రంగు పొరలను ఒక్కొక్కటే తొలగించారు. గట్టిగా గీకితే శిల్పి ఉలి గుర్తులు కూడా పోతాయి, వదిలేస్తే రాయి కుళ్లుతుంది. రెండింటి మధ్యా ఓపికగా చేయవలసిన పని. 2019 జనవరిలో ఫౌంటెన్ మళ్లీ నీళ్లు చిమ్మింది. చుట్టూ రాతి పలకలు పరిచి జనం దగ్గరికి వెళ్లే వీలు కల్పించారు. 150 ఏళ్ల కిందట లండన్‌లో చెక్కిన మూర్తి మొహం ఈ తరానికి మొదటిసారి రంగు లేకుండా కనిపించింది.

ఇప్పుడు ముంబయి మెట్రో మూడో లైనులో హుతాత్మా చౌక్ అనే స్టేషను, దానికి ఉత్తరాన ఆచార్య అత్రే చౌక్ అనే స్టేషను ఉన్నాయి. ఒకప్పుడు ఊరేగింపుగా నడిచొచ్చిన జనం పేర్లు ఇప్పుడు నేల కింద రైల్లో వినిపిస్తున్నాయి. మెట్రో దిగి పైకొచ్చినవాళ్లు రెండు శిల్పాలనూ కలిపి చూడాలి. ఫ్లోరాను చూసి ఫొటో తీసుకుని దివిటీ పట్టినవాళ్లను వదిలేసినా, వాళ్లకు దండం పెట్టి ఆమెను పట్టించుకోకపోయినా సగం చరిత్రే చూసినట్టు.

ఫౌంటెన్‌కు ఇకముందు కావలసింది పెద్ద పెద్ద ప్రారంభోత్సవాలు కాదు. వానాకాలం ముందు గొట్టాలు శుభ్రం చేయడం, పంపు ఆగితే అదే వారం బాగుచేయడం, రాతి మీద పేరుకున్న నాచును, పావురాల రెట్టలను మెత్తని బ్రష్షుతో నీళ్లతో కడగడం, ఎవరైనా రంగు డబ్బా తెస్తే ఆపడం. ఏటా కొద్దిపాటి ఖర్చుతో అయ్యే పని. అక్కడి బోర్డు మీద షా, ఫోర్సైత్, కర్సెట్‌జీ పేర్లతో పాటు ఆ జాగాలో 1955లో ఏం జరిగిందో కూడా రాయాలి. ఆ పోరాటానికి దారి తెరిచినవాళ్లలో మద్రాసులో 58 రోజులు అన్నం మానిన తెలుగువాడు ఒకడున్నాడని ఒక్క వాక్యం చేర్చమని ముంబయి తెలుగు సంఘాలు అడగాలి. అడిగే హక్కు వాళ్లకుంది. ఆ ఊరి రాళ్లు మోసినవాళ్ల మనవలు వాళ్లు.